ప్రథమపురుషలో మిగిలిన వ్యక్తి: ఆటిజం చికిత్సాసేవల భాష – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆటిజం గల వ్యక్తులకు చికిత్సాసేవలు అందకపోవడానికి కేంద్రాల కొరత, నిపుణుల కొరత కారణాలని సాధారణంగా చెబుతారు. సేవలో వాడే భాష కూడా ఒక అడ్డంకేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చట్టనిర్వచనం, నిర్ధారణమాపనం, చికిత్సా సంభాషణ అనే మూడింటినీ పాఠ్యాలుగా స్వీకరించి, కర్నూలు జిల్లా పడమటి ప్రాంతమైన ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం జనజీవనం నేపథ్యంలో వాటిని పరిశీలించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: ఆటిజం, చికిత్సాభాష, పురుషవాచకాలు, ఐసా మాపనం, సుగ్గి, భవిత కేంద్రాలు.

1. ఉపోద్ఘాతం

1943లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి ప్రచురించిన వ్యాసంతో ఆటిజం వైద్యరంగంలో ప్రత్యేక స్థితిగా గుర్తింపు పొందింది. మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం పేర్కొన్న 7 వైకల్యాల్లో ఇది లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం దీన్ని పేరుపెట్టి ప్రస్తావించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. అంటే ఇవాళ నలభై ఏళ్ల వయసున్న వ్యక్తి బడిలో చేరిన కాలంలో ఈ పేరు ఏ చట్టంలోనూ లేదు. ఆ లోటును మొద్దు, మందమతి, పిచ్చి వంటి మాటలు పూరించాయి.

నింద ఒక అంచు అయితే, జాలి మరో అంచు. కె. విశ్వనాథ్ దర్శకత్వంలో 1986లో వచ్చిన ‘స్వాతిముత్యం’ చిత్రంలోని శివయ్య పాత్రను తర్వాతి కాలంలో ఆటిజం కోణంలో చూసినవారు ఉన్నారు. ప్రేక్షకులు మాత్రం అతణ్ణి అమాయకుడిగానే గుండెలకు హత్తుకున్నారు. ఆదరణలో తప్పు లేదు. కాని అమాయకుడన్న ముద్ర పడిన మనిషికి దిగులు, భయం, కోపం, అభిప్రాయం ఉంటాయని ఎవరూ అనుకోరు. కష్టసుఖాలు చెప్పుకొనే చోటు అతనికి అవసరమన్న ఊహే రాదు.

2. ఒకే చట్టం – రెండు చూపులు

2016 చట్టం వికలాంగుడిని నిర్వచించేటప్పుడు దీర్ఘకాలిక లోపాన్ని ఒక్కదాన్నే చెప్పి ఊరుకోదు. ఆ లోపం సమాజంలోని అడ్డంకులతో తలపడినప్పుడు సమాన భాగస్వామ్యం దెబ్బతింటుందని చెబుతుంది. అదే చట్టం అనుబంధంలో ఆటిజం నిర్వచనం దగ్గరికి వచ్చేసరికి అడ్డంకి ప్రస్తావన మాయమవుతుంది. సంభాషించే శక్తి, సంబంధాలను గ్రహించే శక్తి ఆ వ్యక్తిలో దెబ్బతిన్నాయన్న వర్ణనే మిగులుతుంది.

దీనికి భిన్నమైన వాదాన్ని బ్రిటన్‌కు చెందిన సామాజికశాస్త్రవేత్త, స్వయంగా ఆటిజం గల డేమియన్ మిల్టన్ 2012లో ప్రతిపాదించాడు. అవగాహన లోపం ఇరువైపులా ఉంటుందన్నది ఆ వాదం సారం. ఆటిజం గల వ్యక్తికి ఎదుటివారు అర్థం కానట్టే, ఎదుటివారికి ఆ వ్యక్తీ అర్థం కాడు. ఈ మాటను అంగీకరిస్తే చికిత్సలో మారవలసినవారు ఇద్దరవుతారు.

3. మాపనంలో ఏముంది?

సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించిన భారతీయ ఆటిజం మాపనాన్ని, అంటే ఐసాను, కేంద్రప్రభుత్వం 2016లో ధ్రువీకరణ కోసం నోటిఫై చేసింది. ఇందులో 6 విభాగాలు, 40 అంశాలు ఉన్నాయి. ఒక్కో అంశానికి 1 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 70 నుంచి 106 వరకు ఉంటే స్వల్పం, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. ధ్రువపత్రానికి అంకె కావాలి కాబట్టి ఇటువంటి మాపనం అవసరమే. విమర్శ దాని ఉనికి మీద కాదు, దాని వాక్యాన్నే చికిత్స వాక్యంగా మార్చుకోవడం మీద.

సూటిగా కళ్లలోకి చూడకపోవడం ఈ మాపనంలో ఒక లక్షణం. తెలుగు కుటుంబాల్లో తలవంచుకొని మాట్లాడే ఆడపిల్లను అణకువ గలదని మెచ్చుకుంటారు. ఆ మెప్పు చాటున ఆమె ఇబ్బంది ఎవరికీ కనబడకుండా పోవచ్చు. మరోవైపు, మగపిల్లవాడికి చూపు కలపడమే లక్ష్యంగా నెలల తరబడి శిక్షణ ఇస్తే, చూపు కలుస్తుందేమో కాని అందుకు పడే ప్రయాస లెక్కలోకి రాదు.

పురుషవాచకాల తారుమారు కూడా ఈ మాపనంలో ఒక లక్షణమే. దాహం వేసిన పిల్లవాడు ‘నాకు నీళ్లు కావాలి’ అనవలసిన చోట ‘నీకు నీళ్లు కావాలా’ అనడం ఇందుకు ఉదాహరణ. తల్లి నోట విన్న వాక్యాన్నే అతడు అవసరానికి వాడుకుంటాడు. ఇక చికిత్సాగదిలోని సంభాషణను గమనించాలి. ‘మీవాడు ఏం తింటాడమ్మా? రాత్రి పడుకుంటాడా?’ ఎదురుగా కూర్చున్నది పాతికేళ్ల యువకుడైనా ప్రశ్న తల్లికే. తెలుగు వ్యాకరణం ప్రకారం అతడు ఆ గదిలో ప్రథమపురుష. నేరుగా పలకరించినా ‘మీరు’ రాదు, ‘నువ్వు’ అనో, ‘ఏరా’ అనో వస్తుంది. పిల్లవాడు పురుషవాచకం తారుమారు చేస్తే లక్షణమవుతుంది. నిపుణుడు మధ్యమపురుషను ప్రథమపురుషగా మారిస్తే అది మామూలు పద్ధతిగా చెలామణి అవుతుంది.

4. నుడికారమే గోడ అయినప్పుడు

పెద్దవారికి అందించే మానసిక సలహాసేవలు ఎక్కువగా మాట మీదే నడుస్తాయి. ‘మనసు విప్పి మాట్లాడండి’ అన్నది అక్కడి తొలివాక్యం. గుండె బరువెక్కడం, కడుపు తరుక్కుపోవడం, ఒళ్లు మండడం వంటి నుడికారాలు తెలుగుకు సొంపు. మాటను ఉన్నదున్నట్టు గ్రహించే వ్యక్తికి, తన ఉద్వేగానికి పేరు పెట్టుకోవడం కష్టమైన వ్యక్తికి అవే పొడుపుకథలవుతాయి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2012లో వెలువరించిన మార్గదర్శకాలు ఆటిజం గల పెద్దలతో చికిత్సలో రూపకాలను తగ్గించాలని, రాతను, బొమ్మలను ఎక్కువగా వాడాలని, మధ్యమధ్య విరామం ఇవ్వాలని, వారికి ఇష్టమైన విషయాలను చికిత్సలో కలుపుకోవాలని సూచించాయి.

వీటిని తెలుగులోకి తేవడమంటే అనువదించడం మాత్రమే కాదు, ప్రశ్నను మార్చడం. ‘మీకెలా అనిపిస్తోంది?’ అనే బదులు ‘నిన్న రాత్రి ఎన్ని గంటలకు నిద్రపోయారు?’, ‘ఏ శబ్దం విన్నప్పుడు బయటికి వెళ్లిపోవాలనిపించింది?’ అని అడగవచ్చు. జవాబు రాసి ఇచ్చినా, బొమ్మ చూపినా, ఫోన్‌లో టైపు చేసినా అది జవాబే. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవకు 14416 నంబరు ద్వారం. దూరాన ఉన్న పల్లెలకు అది మేలే. కాని ఫోన్ ఎత్తి అపరిచితుడితో మాట్లాడలేనివారికి మాటే ద్వారం కావడం ఆ ద్వారం మూసుకుపోవడంతో సమానం.

5. పడమటి కర్నూలు సందర్భం

మంత్రాలయం, ఆదోని ప్రాంతాలకు జిల్లా కేంద్రం చాలా దూరం. మండలాల్లో సమగ్ర శిక్షా కింద నడిచే భవిత కేంద్రాలు ప్రత్యేకావసరాల పిల్లలకు దగ్గరి ఆసరా. అయితే అవి బడి వయసుకే పరిమితం. వయసు దాటినవారికి అటువంటి తలుపు లేదు.

ఈ ప్రాంతంలో ‘సుగ్గి’ అన్న మాటకు వేరే బరువుంది. వర్షాలు దక్కనప్పుడు పత్తి, మిరప కోతలకు కుటుంబాలు గుంటూరు వైపు తరలిపోతాయి. దినచర్య మారడమే పెద్ద కష్టమైన బిడ్డకు ఊరు, గది, తిండి, శబ్దాలు ఒక్కసారిగా మారతాయి. సరిగ్గా అప్పుడే చికిత్స ఆగిపోతుంది. హాజరుపట్టీలో అది ‘గైర్హాజరు’ అని నమోదవుతుంది, ‘వలస’ అని కాదు. ఇక్కడ కూడా వాడిన మాట కారణాన్ని కుటుంబం మీదకు నెట్టేస్తుంది.

కర్ణాటక సరిహద్దు కావడంతో తెలుగు, కన్నడం రెండూ వినిపించే ఇళ్లు ఇక్కడ ఉన్నాయి. మాట ఆలస్యమైతే ఒక భాష మానేయమని సలహా ఇవ్వడం పరిపాటి. రెండు భాషలు వినడం ఆటిజం గల పిల్లల భాషాభివృద్ధికి హాని చేయదని పరిశోధనలు సూచిస్తున్నాయి. అవ్వ మాట్లాడే భాషను ఇంట్లో ఆపేస్తే బిడ్డకు భాష పెరగదు, ఒక మనిషి దూరమవుతుంది.

6. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. ఆటిజం మాపనం ధ్రువీకరణకు ఉపకరణం. చికిత్సాలక్ష్యాలను దాని అంశాల నుంచి కాక, ఆ వ్యక్తి ఇష్టం, ఇబ్బందుల నుంచి నిర్ణయించాలి.
2. ప్రశ్న ముందుగా ఆ వ్యక్తినే అడగాలి. పెద్దవారిని ‘మీరు’ అనాలి. జవాబుకు సమయమివ్వాలి. కుటుంబం మాట ఆ తర్వాత.
3. నుడికారం తగ్గించిన, రాతకు, బొమ్మకు చోటిచ్చే తెలుగు ప్రశ్నావళులు కావాలి. వీటి రూపకల్పనలో ఆటిజం గల వ్యక్తులతోపాటు మాండలికాలు తెలిసిన తెలుగుశాఖల అధ్యాపకులూ పాలుపంచుకోవాలి.
4. ఏ శబ్దం బాధిస్తుంది, ‘వద్దు’ అని ఎలా చెబుతారు, ఏది ఊరటనిస్తుంది అన్న వివరాలు రాసిన చిన్న పుస్తకం కుటుంబంతో సుగ్గికి వెళ్లాలి. అక్కడి కేంద్రం దాని ఆధారంగా సేవను కొనసాగించాలి.

కొత్త భవనాలకు నిధులు రావాలి, నిపుణులు పెరగాలి. కాని వాక్యంలో కర్తను మార్చడానికి నిధుల కోసం ఎదురుచూడనక్కర లేదు. ‘వాడికి ఏం కావాలి?’ అన్న ప్రశ్న ‘మీకు ఏం కావాలి?’గా మారి, జవాబు ఏ రూపంలో వచ్చినా ఓపికగా స్వీకరించిన చోట సమ్మిళిత చికిత్స మొదలవుతుంది.