ఎవరి ఋతువు? చైనా యాత్రాసూచనలు – ఆర్మూరు పాఠకుడు

ప్రస్తావన

తెలుగు యాత్రాసాహిత్యంపై వచ్చిన విమర్శ ప్రధానంగా రెండు దారుల్లో నడిచింది. యాత్రాచరిత్రను సామాజిక చరిత్రకు ఆధారంగా చూడటం ఒకటి, రచయిత వ్యక్తిత్వానికి అద్దంగా చూడటం రెండవది. ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఏమి వెంట తీసుకుపోవాలి అని చెప్పే భాగాన్ని విమర్శకులు అనుబంధంగా భావించి దాటిపోయారు. యాత్రాసూచనకు శైలి ఉండదని, అది సమాచారం మాత్రమేనని ఒక అభిప్రాయం స్థిరపడింది. ఈ అభిప్రాయం పునఃపరిశీలించదగినది. వర్ణన వినేవారు లేకపోయినా నిలుస్తుంది. సూచన అలా నిలవదు. ‘ఏప్రిల్‌లో వెళ్లండి’ అనే వాక్యానికి అర్థం రావాలంటే ఆ వెళ్లేది ఎవరో తెలియాలి. కాబట్టి ఒక యాత్రాసూచన విలువ అది గమ్యాన్ని ఎంత సరిగా చెప్పిందన్న దానితో పాటు, తన పాఠకుడిని ఎంత ఎరిగి ఉందన్న దానిపై కూడా ఆధారపడుతుంది.

ఈ కొలమానంతో చూసేందుకు చైనా ప్రయాణాన్ని గురించిన తెలుగు సూచనలు అనువైనవి. 2020లో ఆగిపోయిన భారత్–చైనా నేరు విమానాలు 2025 అక్టోబరులో తిరిగి మొదలయ్యాయి. ఆదివారం అనుబంధాల్లోనూ టూరు కంపెనీల కరపత్రాల్లోనూ ఆ దేశపు నగరాలు, ఋతువుల వారీ విశేషాలు మళ్లీ కనిపిస్తున్నాయి. వాటిని చదివే పాఠకుడిగా హైదరాబాదు ఉద్యోగిని కాక నిజామాబాదు జిల్లా ఆర్మూరు వ్యాపారినో రైతునో ఎదురుగా నిలిపితే ఆ రచనల స్వభావం స్పష్టపడుతుంది.

ఆర్మూరు పంచాంగం

ఆర్మూరు రెండు జాతీయ రహదారులు, 44, 63, కలిసే చోటు. నవనాథ సిద్ధుల గుట్ట ఆ ఊరికి గుర్తు. ఆరు, మూడు కలిస్తే తొమ్మిదని, ఊరి పేరు ఆ లెక్కలోంచే వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. పసుపు రకాల్లో ఒకదానికి ఈ ఊరి పేరే ఉంది. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాదు కేంద్రంగా ఏర్పడటానికి వెనుక ఉన్నదీ ఈ ప్రాంతపు సాగే. గల్ఫ్ ప్రయాణం ఇక్కడ తరాల నాటి అనుభవం. పాస్‌పోర్టు, వీసా, ఏజెంటు అనే మాటలు నిఘంటువు అవసరం లేకుండా ఇంటింటా తెలిసినవి. అందువల్ల విదేశీయానం గురించి ఏమీ ఎరుగని పాఠకుడిగా ఆర్మూరు మనిషిని ఊహించుకోవడం పొరపాటు.

అయితే అతని ఏడాది పసుపు చుట్టూ తిరుగుతుంది. జూన్ వానలకు విత్తనం పడుతుంది. పంట తొమ్మిది నెలలు నేలలో ఉంటుంది. జనవరి నుంచి మార్చి వరకు తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, మెరుగు పట్టడం. ఆ వెంటనే మార్కెట్టు. ఫిబ్రవరి మొదలు ఎండాకాలం నడిమి దాకా రైతు చూపు ధర మీద, వ్యాపారి చూపు సరుకు మీద ఉంటాయి. భాద్రపద అమావాస్య నుంచి బతుకమ్మ, ఆపై దసరా. ఆ రోజుల్లో ఇల్లు విడిచి పోయేవాడు అరుదు. దేశాంతరంలో ఉన్నవాడే ఇంటికి రావాలని చూస్తాడు.

ఇప్పుడు చైనా గురించిన సాధారణ సూచనను ఈ పంచాంగం పక్కన పెట్టి చదవాలి. ఏప్రిల్, మే నెలలు, తిరిగి సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఉత్తమమన్నది అందులో దాదాపు మారని వాక్యం. బీజింగ్, షియాన్, షాంఘై నగరాలను అప్పుడే చూడాలని, ఏప్రిల్‌లో ల్వోయాంగ్‌లో పియోనీ పూలు విరబూస్తాయని, అక్టోబరులో చియుచైకౌ లోయ రంగులు మారుతుందని అది చెబుతుంది. ఇందులో అబద్ధం లేదు. ఉత్తర చైనా మైదానాల్లో చలి కొరికే శీతాకాలానికి, ఉక్కపోత వేసవికి నడుమ హాయిగా ఉండేవి ఆ నెలలే. కాని ఆర్మూరు పాఠకుడికి మొదటి గడువు పసుపు అమ్మకాల్లో పోతుంది, రెండవది బతుకమ్మ–దసరాల్లో పోతుంది. పైగా అక్టోబరు మొదటి వారం చైనాలో జాతీయ దినోత్సవ సెలవులు. దేశమంతా రైళ్లలో ఉండే ఆ వారాన్ని ‘ఆహ్లాదకరమైన శరదృతువు’ అన్న మాట కింద దాచిపెట్టే సూచన ఏ పాఠకుడికీ మేలు చేయదు.

ఈ ఋతువు ఎవరిది అని అడగవలసి వస్తుంది. దాని ఆనవాళ్లు ఆంగ్ల మార్గదర్శక గ్రంథాల్లో ఉన్నాయి. చల్లని దేశం నుంచి వచ్చి, ఎండకు జడిసి, ఏడాదికొకసారి జీతంతో కూడిన సెలవు దొరికే యాత్రికుడి కోసం కూర్చిన పట్టిక అది. తెలుగులోకి వచ్చేటప్పుడు దాని భాష మారింది గాని చదివేవాడు మారలేదు. నలభై డిగ్రీల ఎండలో పసుపు ఆరబోసే మనిషికి బీజింగ్ జూలై ఎండ ‘తట్టుకోలేనిది’ అని హెచ్చరించడంలో కొంత హాస్యం కూడా ఉంది.

అతనికి నిజంగా తీరిక దొరికేది విత్తనం పడ్డాక జూలై, ఆగస్టుల్లోను, వరి కోతలు ముగిసి పసుపు తవ్వకం మొదలుకాని నవంబరు చివర, డిసెంబరులోను. పట్టికల్లో ‘అనువుకాని’ కాలమని కొట్టేసిన నెలలే ఇవి. యాంగ్‌చీ దిగువ లోయలో జూన్, జూలైల్లో ముసురు పడుతుంది. మెయ్ పండ్లు పక్వానికి వచ్చే వేళ కాబట్టి చైనీయులు దానికి ఆ పండు పేరే పెట్టారు. ఆ దిశ మానుకోవచ్చు. కాని అదే జూలైలో సముద్రమట్టానికి సుమారు 3,200 మీటర్ల ఎత్తున ఉన్న చింగ్‌హై సరస్సు ఒడ్డున ఆవజాతి పైరు పసుపురంగు పూతతో ఉంటుంది. అంతర్ మంగోలియా గడ్డిమైదానాలు పచ్చబడేదీ అప్పుడే. డిసెంబరులో యునాన్ రాజధాని కున్మింగ్‌లో చలి తక్కువ. దాదాపు 1,900 మీటర్ల ఎత్తు వల్ల ఏడాది పొడవునా వాతావరణం సమంగా ఉండే ఆ ఊరికి ‘వసంతనగరం’ అని పేరు. చలిని చూడటమే కోరిక అయితే హర్బిన్ ఉంది. అక్కడి మంచుశిల్పాల ఉత్సవం జనవరి 5న లాంఛనంగా మొదలవుతుంది గాని ప్రాంగణం సాధారణంగా డిసెంబరు చివరికే తెరుచుకుంటుంది. తవ్వకానికి ముందే చూసి తిరిగి రావచ్చు.

వ్యాపారికి మరొక లెక్క ఉంటుంది. గ్వాంగ్‌చౌలో 1957 నుంచి ఏటా రెండుసార్లు జరిగే ఎగుమతి సంత, పాత పేరున కాంటన్ ఫెయిర్, వసంతంలో ఏప్రిల్ 15 ప్రాంతాన, శరత్తులో అక్టోబరు 15 ప్రాంతాన మొదలవుతుంది. మొదటిది ఆర్మూరు సీజనులో పడుతుంది. రెండవది చాలా ఏళ్లలో దసరా దాటాక, పసుపు ఇంకా నేలలో ఉండగా వస్తుంది. ఈ ఒక్క వాక్యం ఒక పట్టణానికి ఉపయోగపడే సూచన. విహారసూచనలు సంతలను విహారంగా లెక్కించవు కాబట్టి అది వాటిలో కనబడదు.

ఇద్దరు పాత యాత్రికులు

సూచన తన పాఠకుడిని ఎరిగి ఉండటం కొత్త కోరిక కాదు. దీనికి ఎదురుబొదురుగా పెట్టి చూడదగిన ఉదాహరణలు రెండున్నాయి. మొదటిది చైనా నుంచి తెలుగునేలకు వచ్చినవాడిది. ఏడవ శతాబ్దిలో హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రను, ధాన్యకటకాన్ని చూశాడు. 645లో స్వదేశం చేరి, మరుసటి ఏడు తాంగ్ చక్రవర్తి తైచుంగ్ ఆజ్ఞ మేరకు తన గ్రంథాన్ని సమర్పించాడు. ప్రతి దేశానికీ చుట్టుకొలత, రాజధాని విస్తీర్ణం, నేల సారం, వాతావరణం, ప్రజల స్వభావం, విహారాల సంఖ్య అనే క్రమం అందులో కనిపిస్తుంది. ఆంధ్రదేశపు భాష మధ్యదేశపు భాషకు భిన్నమని, లిపి మాత్రం చాలావరకు దగ్గరిదని కూడా ఆయన గుర్తించాడు. ఈ క్రమం పొడిగా ఉందని ఆధునిక పాఠకుడు విసుగుపడవచ్చు. కాని అది ఒక చక్రవర్తి ప్రశ్నలకు జవాబు. పశ్చిమదేశాల వివరాలు కావలసిన పాలకుడు, తీర్థస్థలాల వివరాలు కావలసిన భిక్షువు – వీరిద్దరూ ఆ పుస్తకంలో పేరు లేకుండా కూర్చుని ఉన్నారు.

రెండవది ఆర్మూరు దారిదే. మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, హైదరాబాదు నుంచి ఉత్తరంగా నాగపూరు బాట పట్టాడు. కామారెడ్డి, ఆర్మూరు, నిర్మల ప్రాంతాల మీదుగా పోయే ఆ పాత బాట మీదే నేటి 44వ రహదారి చాలావరకు నడుస్తుంది. ఆయన ఈ భాగాన్ని దాటింది వానకాలంలో, ముందు గోదావరి ఉందని తెలిసి. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపిన రాతలే ‘కాశీయాత్ర చరిత్ర’గా, రచయిత మరణానంతరం, 1838లో అచ్చయ్యాయి. మజిలీకి మజిలీకి దూరమెంత, బాట రాళ్లదా రేగడిదా, అంగళ్లు ఉన్నాయా, నీళ్లు ఎటువంటివి, దిగడానికి చోటున్నదా అన్నవి ఆయన పట్టుదలగా రాసుకున్న విషయాలు. విమర్శకులు వీటిని దాటి కుంఫిణీ పాలన మీద, కులాచారాల మీద ఆయన చేసిన వ్యాఖ్యలకు పోతారు. ఆ వ్యాఖ్యల విలువను ఎవరూ కాదనరు. అయినా నీటి గురించిన వాక్యాల్లోనే ఆయన గద్యం బలంగా నిలబడుతుంది. పరివారంతో, పల్లకి బోయీలతో, ఆచారనియమాలతో ప్రయాణించే గృహస్థుకు ఏది అవసరమో ఆయనకు తెలుసు. తన వెనుక వచ్చేవాడూ అటువంటివాడే అని కూడా తెలుసు. ఆ ఎరుకకు ఒక హద్దూ ఉంది. అదే బాటన కాలినడకన పోయే పేదవాడు ఆయన సూచనల్లో పాఠకుడు కాడు.

ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క మార్గదర్శిని రాయడం సాధ్యమా అన్న ఆక్షేపణ ఇక్కడ రావచ్చు. వీరాస్వామయ్య ఒక్క మిత్రుడి కోసం రాశాడు. దాదాపు రెండు వందల ఏళ్లుగా ఎందరో చదువుతున్నారు. ఫలానావాడికని చెప్పిన సూచనను ఇతరులు తమకు తగినట్లు సవరించుకోగలరు. ఎవరికీ చెప్పని సూచనలో సవరించుకోవడానికి పట్టు దొరకదు. కైలాస మానససరోవర యాత్రను గురించిన తెలుగు రచనలు ఈ సంగతికి నిదర్శనం. గమ్యం చైనా పాలనలోని టిబెట్టులోనే ఉంది. 5,600 మీటర్లకు పైబడిన డోల్మా కనుమ దాటేటప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలి, మోకాళ్ల నొప్పులున్నవారు పరిక్రమను ఎక్కడ ఆపుకోవాలి అన్న సలహాలు ఈ కోవకు చెందినవి. మధ్యవయసు దాటిన తెలుగు భక్తుడు ఎలా ఉంటాడో రాసేవారికి తెలుసు, ఎందుకంటే వారూ ఆ కోవలోనివారే. 2020 నుంచి ఆగిన ఈ యాత్ర 2025 వేసవిలో మళ్లీ మొదలైంది. అదే దేశపు నగరాల దగ్గరికి వచ్చేసరికి ఈ చనువు మాయమవుతుంది.

చాంద్రమానం, పేర్లు

చైనా పండుగలను తెలుగు పాఠకుడికి చెప్పడానికి సులువైన మార్గం ఒకటి ఉండగా ఇంగ్లీషు తేదీలతో సరిపెట్టడం మరొక లోపం. చైనా సంప్రదాయ పంచాంగమూ చాంద్రసౌరమే. వారి నూతన సంవత్సరం చాలా ఏళ్లలో మాఘ శుద్ధ పాడ్యమి దగ్గర పడుతుంది. పదిహేనవ రోజున వచ్చే దీపాల పండుగ అటువంటి ఏడు మాఘ పున్నమే. ఎనిమిదవ నెల పున్నమినాటి శరత్పండుగ 2024లో భాద్రపద పున్నమితో కలిసింది. 2025లో వారికి అధికమాసం వచ్చి మనకు రానందువల్ల అది ఆశ్వయుజ పున్నమికి, అంటే దసరా దాటాక అక్టోబరు 6కు జరిగింది. ఇంట్లో పంచాంగం ఉన్న పాఠకుడికి ఈ మాట చాలు, ఏటేటా తేదీ తానే వెతుక్కోగలడు. నూతన సంవత్సరానికి అటూ ఇటూ నలభై రోజులు సాగే ఇళ్లకు ప్రయాణాల రద్దీ ఎంత ఉంటుందో సంక్రాంతికి హైదరాబాదు బస్టాండు చూసినవారికి వేరే వర్ణించనక్కరలేదు.

స్థలాన్ని కాలంతో కలిపి చూడటంలో చైనా సంప్రదాయం ఎంతో సూక్ష్మంగా ఆలోచించింది. హాంగ్‌చౌలోని పశ్చిమసరస్సుకు దక్షిణ సోంగ్ కాలం నుంచి ‘పది దృశ్యాలు’ అని పేరుపడ్డవి ఉన్నాయి. వాటిలో కవి, పాలనాధికారి సు షీ పదకొండవ శతాబ్ది చివర వేయించిన కట్ట మీది వసంతోదయం ఒకటి, వంతెన మీద కరగకుండా మిగిలిన మంచు మరొకటి, నిశ్చలమైన నీటిపై శరత్ చంద్రుడు ఇంకొకటి. అంటే చూడవలసినది సరస్సు కాదు. ఫలానా చోట, ఫలానా ఋతువులో, ఫలానా వేళ సరస్సు. 2011లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఈ స్థలాన్ని ‘పడవ విహారానికి అనుకూలం, మార్చి–మే’ అని ముగించే సూచన సమాచారపరంగా సరైనదే. అయితే ఆరు ఋతువులకు వేర్వేరు పేర్లు, పూలు, పిట్టలు ఉన్న ప్రబంధ సంప్రదాయపు భాషలో అంత దరిద్రంగా చెప్పడం ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఊరి పేర్ల విషయంలో నష్టం మరింత నేరుగా తగులుతుంది. 1958లో చైనా ఆమోదించిన రోమను లిప్యంతరీకరణలో కొన్ని అక్షరాల విలువ ఇంగ్లీషు విలువకు భిన్నం. దాన్ని ఇంగ్లీషులా చదివి తెలుగులో రాయడం వల్ల షియాన్ ‘జియాన్’ అవుతుంది, చింగ్‌దావ్ ‘కింగ్‌డావో’ అవుతుంది. రైల్వేస్టేషనులో టికెట్టు అడిగే యాత్రికుడికి ఈ పేర్లు పనికిరావు. విశేషమేమంటే ఇంగ్లీషుకు లేని సౌకర్యం తెలుగుకు ఉంది. హ్యూయన్‌త్సాంగ్ పేరులో ‘త్స’ అని సంయుక్తాక్షరంగా రాస్తున్న ధ్వని తెలుగువారి దంత్య ‘ౘ’యే, ‘ౘాప’ అనగలిగిన నోటికి అది శ్రమలేని ధ్వని. ఆ అక్షరం వాడుకలోంచి తప్పుకున్నా ఉచ్చారణ తెలంగాణ పల్లెల్లో ఇంకా ఉంది. పేర్లను చైనీయ ఉచ్చారణ నుంచి నేరుగా తెలుగులోకి తెచ్చే ఒక పట్టికను విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, చైనీయ భాష బోధించే శాఖలు కలిసి కూర్చుకోవడం పెద్ద పనేమీ కాదు. అటువంటి పట్టికలో ఊళ్ల పేర్లతో పాటు సరుకుల పేర్లూ చేరాలి. పసుపును చైనీయులు ‘చియాంగ్‌హ్వాంగ్’ అంటారు. మొదటి మాటకు అల్లం అని, రెండవదానికి పసుపుపచ్చన అని అర్థం. గ్వాంగ్‌చౌ మసాలా దుకాణంలో కొమ్ము చూపించి ఇది ఏమిటని అడిగే ఆర్మూరు వ్యాపారికి కావలసింది ముందుగా ఆ మాట.