దూరాభారం ఎరుగని బండి

నిన్ను పొగడాలంటే పికప్పుతో మొదలుపెట్టను. నిలబడ్డచోటి నుంచి నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడానికి నీకు 3.2 సెకన్లు చాలు. అంతకన్నా త్వరగా అందుకునే బండ్లూ ఉన్నాయి, ఉండనీ. పొద్దున్నే బయల్దేరిన మనిషి ఎనిమిది గంటలు స్టీరింగ్ పట్టుకుని, రెండు సరిహద్దులు దాటి, సాయంత్రం నడుం పట్టుకోకుండా, మొహం వాడకుండా దిగి, ఈ ఊళ్ళో మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందో కనుక్కుందాం అంటాడు చూడు, అక్కడుంది నీ గొప్పతనం. గ్రాండ్ టూరర్‌వి నువ్వు. బెంట్లీ కాంటినెంటల్ జీటీవి, దూరం కోసమే పుట్టావు.

నీ వెనక పెద్ద వంశం ఉంది. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో ఇంగ్లండు జమీందారుల పిల్లలు చదువు పూర్తికావడానికని ఇటలీకి బయల్దేరేవారు. ఇంగ్లీష్ ఛానల్ మీద ఓడలో వాంతులు చేసుకుని, ఫ్రాన్సు పొడవునా గుర్రబ్బండి కుదుపులు తిని, మోన్ సెనీ కనుమ మొదట్లో ఆగిపోయేవారు. అక్కడ బండిని ఏ ముక్కకాముక్క విప్పి కంచరగాడిదల మీదికెత్తేవారు. కుర్రదొరలను కుర్చీల్లో కూర్చోబెట్టి బోయీలు ఆల్ప్స్ దాటించేవారు. అవతల మళ్ళీ బండి బిగింపు. గ్రాండ్ టూర్ అనే ఆ యాత్ర పేరు నీకు దక్కింది. అందులోని చాకిరీ మాత్రం నీ దగ్గర ఆగిపోయింది.

1930 మార్చిలో బెంట్లీ కంపెనీ ఛైర్మన్ వూల్ఫ్ బార్నటో ఒక పందెం కాశాడు. ఫ్రాన్సు దక్షిణ తీరంలోని కాన్ నుంచి బ్లూ ట్రైన్ ఉత్తరాన కలే చేరేలోపు తాను తన స్పీడ్ సిక్స్‌లో ఏకంగా లండన్‌కే చేరతానన్నాడు. రాత్రంతా నడిపాడు. వాన, పొగమంచు, దారిలో టైరు పగలడం, మధ్యలో సముద్రం. అన్నీ దాటి లండన్‌లోని తన క్లబ్బు ముందు బండి ఆపేసరికి రైలు ఇంకా కలే స్టేషన్‌కు రాలేదు, రావడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. ఆ నాలుగు నిమిషాలను అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ రాత్రి మీదే మనసు. చీకట్లో, తడిసిన రోడ్డు మీద, గంటల తరబడి ఒక యంత్రమూ ఒక మనిషీ ఒకరినొకరు నమ్ముకోవడం.

యుద్ధం ముగిశాక నీ అసలు రూపం తయారైంది. 1951లో టూరిన్ నుంచి లాన్సియా ఆరేలియా బీ20 జీటీ వచ్చింది. రెండు లీటర్ల చిన్న వీ6 ఇంజన్ పెట్టుకుని ఆ ఏడు మిల్లే మిలియా పందెంలో, తనకు రెట్టింపు ఇంజన్ ఉన్న ఫెరారీ తర్వాత రెండో స్థానంలో నిలిచింది. ఆ మరుసటి ఏడాదే ఇంగ్లండులోని క్రూ పట్టణంలో బెంట్లీ ఆర్‌-టైప్ కాంటినెంటల్ పుట్టింది. అంత పెద్ద బండిని అంత వేగంతో గంటల తరబడి మోయడం అప్పటి టైర్ల వల్ల కాలేదు. అందుకని తయారుచేసినవాళ్ళు బరువు మీద పడ్డారు. ఒంటికి అల్యూమినియం, బంపర్లకు అల్యూమినియం, సీట్ల చట్రాలకు కూడా తేలిక లోహం. గాలిని కోసుకుపోయేలా వీపును వెనక్కి సాగదీశారు. నలుగురు కూర్చుని, సామాను పెట్టుకుని, గంటకు 185 కిలోమీటర్లు దాటగలిగే బండి అయింది. మొత్తం 208 మాత్రమే చేశారు. వెనక చక్రం మీద తొడలా ఉబ్బిన ఆ ఒంపు ఇప్పటికీ నీ ఒంటి మీద ఉంది. ఎండ వాలినప్పుడు ఆ ఒంపు వెంట వెలుగు జారుతుంటే పక్కన నిలబడి చూడటం నాకు అలవాటైపోయింది.

నిన్ను ఎంచుకోవడం ఒక్క పూటలో తేలే పని కాదు, తేలకూడదు కూడా. షోరూమ్ దీపాల కింద అందంగా కనిపించని బండి ఉండదు. సంతలో ఒంగోలు గిత్తను బేరమాడే రైతు మూపురం చూసి మురిసిపోడు. పలుపు పట్టి నాలుగడుగులు నడిపిస్తాడు, గిట్ట పడే తీరు చూస్తాడు, ఊపిరి చూస్తాడు. నిన్నూ అలాగే చూడాలి. టెస్ట్ డ్రైవ్ అంటే ఊరి చుట్టూ ఒక రౌండు తిప్పి తెస్తామంటారు. ఒప్పుకోవద్దు. గతుకుల రోడ్డు అడగాలి, వాన రోజు అడగాలి, వీలైతే చీకటి పడ్డాక అడగాలి. సీటులో గంట కదలకుండా కూర్చోవాలి. మొదటి పది నిమిషాలు ఏ సీటైనా బాగానే ఉంటుంది, నడుముకు నిజం తెలిసేది ఆ తర్వాతే. వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టి వాళ్ళ మోకాళ్ళు ఎక్కడ తగులుతున్నాయో చూడాలి. ఇంట్లో ఉన్న సూట్‌కేసులే తీసుకెళ్ళి డిక్కీలో పెట్టి చూడాలి. కొత్త కాంటినెంటల్ జీటీలో బ్యాటరీ కొంత చోటు తీసుకుంది కాబట్టి డిక్కీ 260 లీటర్లే. మెత్తటి బ్యాగులైతే ఇద్దరి పది రోజుల బట్టలు పడతాయి.

నీతో పాటు బరిలో నిలిచినవాళ్ళూ తక్కువవాళ్ళు కారు. ఆస్టన్ మార్టిన్ డీబీ12 అందానికి వంక పెట్టడం కష్టం. 1947లో ఆ కంపెనీని కొన్న డేవిడ్ బ్రౌన్ పేరులోని పొడి అక్షరాలు ఇంకా మోస్తున్న బండి అది. మసెరాటి గ్రాన్‌టురిస్మో వెనక సీట్లో పెద్దవాళ్ళు కూడా కూర్చోవచ్చు. దాని ముందు మెరిసే త్రిశూలం బొలోనియా నగరం నడిబొడ్డున నిలబడ్డ నెప్ట్యూన్ విగ్రహం చేతిలోది. త్రిశూలం కనబడితే మనవాళ్ళ చెయ్యి తనంతట తానే నమస్కారానికి లేస్తుంది, నాదీ లేచింది. అయినా నిన్నే కోరుకున్నాను. రోజంతా నడపాల్సిన బండిలో ఉండాల్సిన నిదానం నీ దగ్గర కనబడింది. సూపర్ కార్లు పది నిమిషాల్లో తమకున్నదంతా చూపించేస్తాయి. లిమోజిన్లు యజమానిని వెనక సీట్లో నిద్రపుచ్చుతాయి. నువ్వు యజమానినే నడపమంటావు, మళ్ళీ అతణ్ణి అలిసిపోనివ్వవు.

ఇంజన్ దగ్గర నా స్నేహితులకూ నాకూ గట్టి వాదనే జరిగింది. 2003లో మొదటి కాంటినెంటల్ జీటీ ఆరు లీటర్ల డబ్ల్యూ12తో వచ్చింది. పన్నెండు సిలిండర్లు, 552 హార్స్‌పవర్. 2024లో క్రూలో ఆ ఇంజన్ తయారీ ఆగిపోయింది. దాని కోసం కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళను నేను అర్థం చేసుకోగలను. ఆ ఇంజన్‌కు దణ్ణం పెట్టి కొత్తదాని వైపే వచ్చాను. నాలుగు లీటర్ల వీ8, దానికి తోడు ఎలక్ట్రిక్ మోటారు, రెండూ కలిస్తే 771 హార్స్‌పవర్. బ్యాటరీ నిండా ఉంటే పెట్రోలు చుక్క కాలకుండా 81 కిలోమీటర్ల దాకా పోవచ్చు. దూరప్రయాణాలన్నీ తెల్లవారుజామునే మొదలవుతాయి. పక్కింటి పసిపిల్ల నిద్ర చెడకుండా వీధి దాటి వెళ్ళగలగడం కూడా విలాసమే, నా లెక్కలో పెద్ద విలాసం.

ఇక నీ లోపల. తలుపు తెరిస్తే మనుషుల చేతులు కనిపిస్తాయి. నీ తోలుకు ఆవు చర్మం పనికిరాదు, ఎద్దు చర్మమే కావాలి, ఎందుకంటే ఈతలకు సాగిన చారలు దాని మీద ఉండవు. అదీ చల్లటి ఉత్తర యూరప్ పచ్చికల్లో, ఈగల కాటు తక్కువగా ఉన్నచోట పెరిగినదై ఉండాలి. సీటు మీద వజ్రం లోపల వజ్రంలా కుట్టిన ఒక్కొక్క గడిలో 712 కుట్లుంటాయి. వేలితో ఆ గడి అంచు తడుముతుంటే చూపుడువేలి కింద దారం చిన్నచిన్న గింజల్లా తగులుతుంది. డ్యాష్‌బోర్డు చెక్క పలకల్ని ఒకే దుంగ నుంచి పొరలుగా తీసి, పుస్తకం విప్పినట్టు విప్పి అతుకుతారు. ఎడమవైపున్న సుడి కుడివైపు అద్దంలో చూసినట్టు మళ్ళీ కనిపిస్తుంది. చెట్టు ఎన్ని వానలు చూసిందో ఆ గీతల్లో ఉంది. గాలి రంధ్రాల కింద చిన్న లోహపు పిడులుంటాయి, పాతకాలపు పైప్ ఆర్గన్‌కు ఉన్నట్టు. లాగితే గాలి, నొక్కితే బంద్. ఆ పిడి చల్లగా, బరువుగా, నునుపుగా జారే తీరుకు నేను ఒక పద్యం బాకీ ఉన్నాను.

డ్యాష్‌బోర్డు మధ్యలో మూడు ముఖాల పలక ఒకటుంది. ఇంజన్ ఆపితే అది చెక్క ముఖం చూపిస్తుంది, తెర ఉందన్న సంగతే తెలియదు. ఇంజన్ వేస్తే తిరిగి తెర అవుతుంది. మరోసారి మీట నొక్కితే మూడో ముఖం వస్తుంది. దాని మీద మూడే ముళ్ళ గడియారాలు: బయటి చలి ఎంతో ఒకటి, దిక్కు ఏదో ఒకటి, కాలం కొలవడానికి ఒకటి. ఈ ముఖం కోసం అదనంగా డబ్బు పెట్టాలి. పెట్టండి. పెయింటులో, రిమ్ములో మిగుల్చుకుని అయినా సరే.

నువ్వు మా ఇంటికి వచ్చిన రోజు అమ్మ చెషైర్ చలిలో శాలువా కప్పుకుని నిలబడి నీ బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసి కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. “పోనీ నాన్నా, మెల్లగా పోనీ” అంది. 2,459 కిలోల బరువు కదిలింది. ఇంజన్ చప్పుడు లేదు. నిమ్మకాయలు ఒకటొకటిగా చిట్లిన చప్పుడు మాత్రం స్పష్టంగా వినబడింది, వాసన కారు లోపలికి కూడా వచ్చింది.

ఆ ఏడు జూలైలోనే దక్షిణానికి బయల్దేరాం. ఫోక్‌స్టన్‌లో బండితో సహా రైలెక్కితే సముద్రం అడుగు నుంచి ముప్పై అయిదు నిమిషాల్లో కలే. ఫ్రాన్సు పెద్దరోడ్ల మీద హద్దు 130. ఆ వేగంలో నువ్వు ఊపిరి కూడా బిగించవు, నిశ్శబ్దంలో మా ఆవిడ గుసగుసగా మాట్లాడినా వినిపిస్తుంది. నీకు 335 దాకా చేతనవును. ఆ బలం వాడకుండా చేతిలో ఉంచుకోవడంలో ఒక ధీమా ఉంది, పెద్ద లారీని దాటేటప్పుడు అర సెకను పాటు తప్ప దాన్ని నేను కదపలేదు. రీమ్స్ పక్కనున్న గ్యూ అనే పల్లె దగ్గర దారి పక్కకు తిరిగాం. పూర్వం ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ జరిగిన ఆ రోడ్డు ఇప్పుడు మామూలు పల్లెరోడ్డు, దాని పక్కన ప్రేక్షకుల గ్యాలరీలూ పిట్ గదులూ గోధుమ చేలకు ఎదురుగా నిలబడే ఉన్నాయి. బండి దిగి ఆ మెట్ల మీద కాసేపు కూర్చున్నాం.

స్విట్జర్లండులో మార్టినీ దాటాక ఘాట్ రోడ్డు మొదలైంది. గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ, 2,469 మీటర్లు. 1964 నుంచి కొండ కింద సొరంగం ఉంది, తొందర ఉన్నవాళ్ళు అందులోంచి పోతారు. మేము పై దారి పట్టాం. ఎండాకాలం తప్ప తెరవని దారి అది. 1800 మే నెలలో నెపోలియన్ తన సైన్యాన్ని ఈ మంచు మీదుగానే ఇటలీకి దించాడు. ఫిరంగి గొట్టాలను తొలిచిన చెట్ల దుంగల్లో పెట్టి మనుషులు లాక్కుంటూ పైకెక్కించారు. నేను మీట నొక్కి మూడు ముళ్ళ ముఖం తిప్పాను. ఒక్కో మలుపుకు దిక్సూచి ముల్లు సగం చుట్టు తిరుగుతోంది. పక్కన చలి ముల్లు 24 నుంచి 19కి, 19 నుంచి 13కి దిగుతోంది. రాతిగోడకు తగిలి నీ వీ8 గొంతు వెనక్కి వస్తోంది, లావుగా, తొణక్కుండా. ఇంత బరువైన ఒళ్ళు మలుపులో ఒరగకపోవడం ఏమిటని ప్రతి మలుపు దగ్గరా ఆశ్చర్యపోయాను. ముందు చక్రం ఎక్కడ పడాలనుకుంటానో అక్కడే పడింది. పైన వెయ్యేళ్ళుగా బాటసారులకు తలుపు తీస్తున్న సన్యాసుల సత్రం, దాని ముందు చిన్న సరస్సు, ముల్లు 9 దగ్గర. ఇటలీలోని ఆవోస్తా వైపు దిగుతుంటే బ్రేకు మీద కాలు పెట్టినప్పుడల్లా బ్యాటరీ కొంచెం కొంచెంగా నిండింది. ఎక్కడానికి పెట్టిన ఖర్చులో కొంత కొండ తిరిగి ఇచ్చింది.

మర్నాడు మిలాన్ నుంచి నేపుల్స్ దాకా సాగే సూర్యుడి రహదారి, ఆటోస్ట్రాడా డెల్ సోలె. 1964లో పూర్తయింది. ఇటలీ తన జీటీలకు వేసి ఇచ్చిన తివాచీ అనాలి దాన్ని. బొలోనియా దాటాక అపెనైన్ కొండల్లో సొరంగాలూ వంతెనలూ ఒకదాని వెంట ఒకటి. చీకటి, వెలుగు, చీకటి, వెలుగు. వెనక సీట్లో పిల్లలు నిద్రపోయారు.

సియెనా గోడలు కనబడేసరికి సాయంత్రం ఆరు. పొద్దున్నుంచి స్టీరింగ్ మీదే ఉన్నాను, భుజాలు బిగుసుకోలేదు, కళ్ళు మండటం లేదు. “ఇక్కడ దిగుదామా, అలిసిపోయావా?” అంది మా ఆవిడ. పాత రోమన్ దారి వయా కాసియా ఇక్కణ్ణుంచి దక్షిణానికి, కొండల వరసల మీదుగా పోతుంది. ఈ నెలలో తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. బొల్సెనా సరస్సు ఒడ్డున ఇవాళ పట్టిన చేప ఇవాళే వండి పెడతారట. హోటల్‌కు ఫోన్ చేసి రేపు వస్తామని చెప్పమన్నాను.