బోండై పెవిలియన్ పునరుద్ధరణ: ఏ గతానికి ప్రామాణ్యం?

పాత కట్టడాల పునరుద్ధరణ చర్చల్లో 'మూలరూపం' తిరుగులేని ప్రమాణంగా చెలామణి అవుతున్నది. సిడ్నీలోని బోండై పెవిలియన్ విషయంలో ఆ ప్రమాణం నిలవదు.

ఉద్యానవనానికీ ఇసుకతీరానికీ నడుమ వేవర్లీ పురపాలక మండలి నిర్మించిన ఈ భవనం 1929లో ప్రారంభమైంది. సముద్రస్నానానికి వచ్చేవారు రుసుము చెల్లించి దుస్తులు మార్చుకొనే గదులే అందులో ప్రధానం. టర్కిష్ స్నానశాల, నృత్యశాల వాటికి తోడు. ఈతదుస్తులతోనే తీరానికి రావడం అలవాటయ్యాక ఆ గదులకు పని లేకపోయింది. 1978లో భవనం సాంస్కృతిక కేంద్రంగా మారి నాటకానికీ, సంగీతానికీ, కుండల తయారీకీ నెలవైంది.

2015 తరువాత వెలువడిన ఆధునికీకరణ ప్రతిపాదనను స్థానికులు ప్రతిఘటించారు. కళలకు దక్కిన చోటు వ్యాపారం పాలవుతుందన్నది వారి భయం. ఇక్కడొక చిక్కుంది. మూలరూపమే గీటురాయి అయితే, రాబడినిచ్చే భవనమే దాని మూలరూపం! తోరణాల వరుస 1929 నాటిదే. జనం తమదనుకొన్నది మాత్రం 1978 అనంతర జీవితాన్ని. వారసత్వ పరిరక్షణ పరిభాషలో తోరణానికి ఉన్నంత చోటు కుండలు చేసే గదికి లేదు.

టాంకిన్ జులైఖా గ్రీర్ సంస్థ రూపకల్పనతో 2022లో తిరిగి తెరచుకొన్న పెవిలియన్‌లో నాటకశాల, సంగీత గదులు, కుండల శాల నిలిచాయి. ఇది సమంజసమైన నిర్ణయం. అయితే గదులు ఉండడం వేరు, సామాన్య కళాకారులకు అవి అందడం వేరు. అద్దె ఎంత, సాయంత్రపు వేళలు ఎవరికి కేటాయిస్తున్నారు అన్నవి భవన చిత్రపటాల్లో కనిపించవు.