మామ్మ చూసిన స్వామి

ఈ వారం ఓ డైలీ సీరియల్ నాకు ఒళ్లు మండించింది. బంగళాలో అందరూ పుస్తకం చదివినట్టు మాట్లాడతారు. పనిమనిషి ఒక్కతే "ఏటమ్మగోరూ" అంటుంది, వెంటనే నవ్వుల మోత. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లం ఇంతమందిమి ఉన్నామని 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది. మన టీవీకి మాత్రం శ్రీకాకుళం యాస ఇంకా నవ్వులాటే.

పల్లె కథ ఆ పల్లెలోనే తీయాలి, ఆ ఊరి మాటే పలకాలి. ఇది నా పాత పట్టు. అమెరికాలో అపలాచియన్ కొండపల్లె కథగా 1972 నుంచి 1981 దాకా నడిచిన 'ది వాల్టన్స్'ను కాలిఫోర్నియా స్టూడియోలో తీశారని తెలిసి పెదవి విరిచాను. తరవాత తెలిసింది, అందులో కథ చెప్పే గొంతు రచయిత ఎర్ల్ హామ్నర్‌దేనని. ఆయన పుట్టింది ఆ వర్జీనియా కొండల్లోనే. సరే, గొంతైనా నిజమైనదే కదా అని సర్దుకున్నాను.

మరి మా మామ్మ సంగతేమిటి?

తాతయ్య రైల్వే వర్క్‌షాపులో పనికని శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చాడు. మామ్మకు హిందీ రాదు, బెంగాలీ కూరగాయల బేరం వరకే. అక్కడి తాల్‌బగీచాలో మా వీధి మొత్తానికి ఒకటే బ్లాక్ అండ్ వైట్ టీవీ. దూరదర్శన్‌లో 'మాల్గుడి డేస్' మొదలయ్యే వేళకి మామ్మ పీట వేసుకుని ముందు వరసలో ఉండేది. ఒళ్లో చింతపండు, పక్కన పిక్కల గిన్నె. ఆ ఊరు ఆర్.కె. నారాయణ్ ఊహించినది. శంకర్ నాగ్ దాన్ని కర్ణాటకలోని ఆగుంబెలో తీశాడు. మాటలు హిందీ. ఏ లెక్కన చూసినా మామ్మకు అందులో తనదంటూ ఏమీ లేదు. అయినా అందులోని కుర్రాడు స్వామి వాళ్ల నాయనమ్మ పక్కన చేరి కబుర్లు మొదలెట్టగానే పిక్క తీసే చెయ్యి ఆగిపోయేది.

"ముందు ఆ గుంటడికి కూడెట్టమను. బడి నుంచొచ్చినాడు గదేటి."

ఇప్పటికీ మా ఇంట్లో అంతే. 2025లో వచ్చిన వెబ్ సిరీస్ 'సివరపల్లి' తెలంగాణ పల్లె కథ. ఆ యాస మాది కాదు. అయినా ఇంటిల్లిపాదీ చివరిదాకా చూశాం.

అందుకే నా పట్టు సడలింది. రేపు టెక్కలి ఆడమనిషినే తెచ్చి ఆ పనిమనిషి వేషం వేయించినా, మాట పొల్లుపోకుండా పలికినా నా కోపం తీరదు. ఆ పాత్రకు యాస తప్ప ఇంకేమీ లేదు. ఇల్లు లేదు, పిల్లలు లేరు, జీతం ఊసు లేదు. ఆకలైనట్టు కూడా ఎప్పుడూ చూపించలేదు.

సీరియల్ రాసేవాళ్లకు నా మనవి ఒక్కటే. ఆమెను ఒక సాయంత్రం ఇంటికి పంపండి. తలుపు ఎవరు తీస్తారో చూపించండి.