సిలువ మీద ఎవరి ఒళ్లు?

తెలుగువాళ్లలో చాలామందికి తెలిసిన యేసు బైబిల్లోంచి రాలేదు. 1978 డిసెంబరులో విడుదలైన 'కరుణామయుడు' సినిమాలోంచి వచ్చాడు. అక్షరం రాని మా వాడల్లో యేసు అంటే విజయచందర్ ముఖమే. ఈ మాటకు పాస్టర్లకు కోపం వస్తే రావచ్చు. సినిమా విమర్శకులు దాన్ని భక్తి సినిమా అని పక్కన పెట్టారు. దైవశాస్త్రం చదివినవాళ్లు అది సినిమా గదా అని పక్కన పెట్టారు. ఇద్దరూ పక్కన పెట్టినదాన్ని మా జనం నలభై ఏండ్లకు పైగా నెత్తిన పెట్టుకొని మోస్తున్నరు. మోసినవాళ్లకు దాని బరువెంతో తెలుసు. అందుకే ఈ వ్యాసం.

నేను సికింద్రాబాద్‌లో సర్కారు బడి టీచర్ని. మాదిగ క్రైస్తవుల బిడ్డను. మా నాయిన రైల్వే వర్క్‌షాపులో బరువులు మోసిండు. మా ఇంటిపేరు డిగ్రీ సర్టిఫికెట్ మీద అచ్చయింది నాతోనే మొదలు. నేను సెమినరీలో చదవలేదు, ఫిల్మ్ సొసైటీలో సభ్యత్వమూ లేదు. ఆ రెంటి గురించీ మాట్లాడే హక్కు ఎక్కడిదంటే, ఆ రెంటినీ నమ్మి బతికిన వాడే నాకు ఇచ్చింది.

కుటుంబ కథలకు పేరుపడ్డ తమిళ దర్శకుడు ఎ. భీమ్‌సింగ్ చేతిలో మొదలైన సినిమా ఇది. విడుదల చూడకుండానే ఆయన 1978 జనవరిలో చనిపోయాడు. సినిమా టాకీసుల్లో ఆడింది ఒక ఎత్తు, తర్వాత నడిచింది ఇంకో ఎత్తు. హిందీలో 'దయాసాగర్' అయింది. ఇంకా ఎన్నో భాషల్లోకి పోయింది. సువార్త బృందాలు ప్రొజెక్టరు, జనరేటరు, తెల్లబట్ట బండ్లలో వేసుకొని ఊరూరా తిప్పారు. టాకీసు మొహం చూడని వాడకు కూడా సినిమా నడిచి వచ్చింది.

మా అమ్మది మెదక్ దిక్కు పల్లె. పెండ్లికి ముందు వాడలో తెర కడితే చూసింది. కొరడా దెబ్బల కాడ ఆడోళ్లంతా కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చిన్రట. ఆయన మన పాపాల కోసం చచ్చిపోయిండు అన్నది అయ్యగారు నేర్పిన జవాబు. మా అమ్మకు ఆ జవాబు వచ్చు. కాని సినిమాలో చూసిందీ గుడిలో విన్నదీ కలిపి ఆమె ఇంకోటి చెప్తది: "కుష్టోన్ని ముట్టిండు. సుంకరోనింట్ల బువ్వ తిన్నడు. గుడికాడ యాపారం చేసేటోళ్ల బల్లలు ఎత్తేసిండు. ఇన్ని చేస్తే పెద్దోళ్లు ఊకుంటరా బిడ్డా? మీ తాత చెప్పులేసుకొని గడి ముందట నడిచినందుకే కట్టేసి కొట్టిన్రు."

బడి ముఖం చూడని మనిషి చేసిన సినిమా విమర్శ ఇది. సినిమా కన్నీళ్లు అడిగింది. మా అమ్మ కారణం అడిగింది.

'కరుణామయుడు'కు కారణంతో పెద్దగా పని లేదు. కొట్టేవాళ్లు ఎందుకు కొడుతున్నరన్నదానికంటే కొట్టించుకునేవాడి ఓర్పే దానికి ముఖ్యం. పేరులోనే ఉంది చూడండి. కరుణ చూపేవాడు పైన ఉంటాడు, అందుకునేవాడు కింద ఉంటాడు. అందుకున్న తర్వాత కూడా కిందనే ఉంటాడు. ఊరి దొరకు కూడా కరుణ ఉండేది. పండుగనాడు పాత బట్టలిచ్చేవాడు. మేం ఆశించింది పాత బట్టలు కాదు, పని చేసిన కూలి. సినిమాలోని యేసు రోగం నయం చేస్తాడు, ఏడ్చినవాళ్ల తల నిమురుతాడు. ఆయన్ని చంపవలసినంత భయం పెద్దలకు ఎందుకు పుట్టిందో ప్రేక్షకుడికి గట్టిగా తగలదు.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. సిలువ మోసే ఘట్టానికి మోదుకూరి జాన్సన్ రాసిన పాట, బాలసుబ్రహ్మణ్యం గొంతు, రాళ్లమీద పడిలేచే ఆ ఒళ్లు, ఇవి మా జనానికి ఒక భాష ఇచ్చాయి. అంతకుముందు తెలుగు తెరమీద దేవుడంటే కిరీటం పెట్టుకొని చంపేవాడే గాని చావుదెబ్బలు తినేవాడు కాదు. దెబ్బలు తిన్నవాడిని దేవుడని చూపించింది గనుకనే వాడ ఆ సినిమాను అంతగా కావలించుకుంది. సినిమా తీసినవాళ్లు అనుకున్నదానికంటే మా వాళ్లు ఎక్కువే చూసిన్రు.

ఇంక రంగు సంగతి. మా ఇండ్ల గోడల మీది యేసు పటం చాలాచోట్ల 1940లో వార్నర్ సాల్మన్ అనే అమెరికా చిత్రకారుడు వేసిన బొమ్మకు నకలో, దాని చుట్టమో. 1979 నాటి 'జీసస్' సినిమాలో బ్రయన్ డీకన్ అనే ఇంగ్లండు నటుడు తెలుగు డబ్బింగులో మనతో మాట్లాడాడు. విజయచందర్ మన మనిషే. కాని మేకప్పు ఆయన్ని కూడా ఆ పటం దాకా తీసుకుపోయింది. యేసు తెలుగువాడు అయ్యాడు గాని వాడవాడు కాలేదు.

ఒక క్రిస్మస్ ముందు మా బడిలో పిల్లలకు బొమ్మలు వేయమన్న. ఐదో తరగతి పిల్ల వాళ్లమ్మకు మట్టిరంగు వేసింది. యేసుకు లేత గులాబీ రంగు క్రేయాన్ తీసింది. ఎందుకమ్మా అంటే, "అది స్కిన్ కలర్ టీచర్" అన్నది. మరి వాళ్లమ్మది చర్మం కాదా?

సికింద్రాబాద్‌లో ఈ రంగుకు చరిత్ర ఉంది. ఇది బ్రిటిష్ దండు ఊరు. దండు కోసం గుళ్లు లేచినయి. మెదక్‌లో 1924లో పెద్ద గుడిని ప్రతిష్ఠ చేసిన చార్లెస్ వాకర్ పాస్నెట్ కూడా 1895లో మొదట వచ్చింది ఇక్కడి సిపాయిల దగ్గరికే. తర్వాత మాల మాదిగల దగ్గరికి పోయిండు. మిషనరీలు బడి పెట్టిన్రు, దవాఖాన పెట్టిన్రు. ఊరు ముట్టని మమ్మల్ని ముట్టిన్రు. ఆ మేలు మేం మరువం. కాని ముట్టిన చెయ్యి తెల్లగా ఉండేసరికి ముట్టమని పంపిన దేవుడూ తెల్లగానే ఉంటాడని అనుకున్నం.

ఈ అనుకోవడాన్ని అమెరికా నల్లవాళ్లు మనకంటే ముందు బద్దలు కొట్టారు. జేమ్స్ కోన్ 1969లో, 1970లో రాసిన పుస్తకాల్లో దేవుడు నల్లవాడన్నాడు. అది పటానికి రంగు మార్చే సంగతి కాదు. దేవుడు ఎవరి పక్షాన నిలబడ్డాడు అన్న సంగతి. మన దగ్గర 1981లో బెంగుళూరు సెమినరీలో అరవింద్ నిర్మల్ ఇదే ప్రశ్నను కులం మీద పెట్టాడు. భారతీయ క్రైస్తవ చింతన అంతా బ్రాహ్మణ సంప్రదాయంతోనే ముచ్చట్లు పెట్టింది, చర్చిలో నిండా ఉన్న దళితులతో మాట్లాడలేదు అన్నాడు. యేసు దళితుడే అన్నాడు. మరుసటి ఏడాది, 1982లో, హైదరాబాద్ నుంచి కె. విల్సన్ దళిత క్రైస్తవులు రెండుసార్లు వెలికి గురైనవాళ్లని పుస్తకమే రాశాడు.

మాటలోనే చూడండి. తెలుగు చర్చిలో థియాలజీకి పేరు వేదాంతం. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత జంటనగరాలకు వచ్చిన కళాశాల పేరు కూడా ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల. వేదం వింటే చెవుల్లో సీసం పోయమన్న ధర్మశాస్త్రాల కింద బతికిన జాతి, తన దేవుని గురించి తాను చేసుకునే ఆలోచనకు వేదాంతం అని పేరు పెట్టుకుంది. తెల్లపటాన్ని గోడమీంచి దించడం సులువే. నాలుక మీది ఈ పటాన్ని దించడానికి ఎన్ని తరాలు పడతదో!

కులం జాతి ఒకటి కాదు గదా అని అడిగే మిత్రులున్నరు. 2001లో డర్బన్‌లో జాతివివక్ష మీద ఐక్యరాజ్యసమితి సదస్సు జరిగితే, కులం చర్చకు రావద్దని మన ప్రభుత్వమూ ఈ వాదనే చేసింది. అంబేడ్కర్ కూడా 1936లోనే కులం జాతిభేదం కాదన్నాడు. నిజమే. నల్లవాళ్లతో మన చుట్టరికం రక్తంలో లేదు, తిన్న దెబ్బల్లో ఉంది. ప్రభుత్వం ఆ వాదన చేసింది తప్పించుకోవడానికి. అంబేడ్కర్ చేసింది కులానికి ఒంట్లో ఏ ఆధారమూ లేదని చూపడానికి.

మతాల మధ్య సంభాషణ అనే మాట కూడా ఈ వెలుగులోనే చూడాలి. 1978లో యేసైన విజయచందర్ 1986లో షిర్డీ సాయిబాబా అయ్యాడు. మా బస్తీలో రెండు సినిమాలకూ అదే జనం దండం పెట్టిన్రు. సినిమావాళ్లకు మతసామరస్యం అంత సులువు, గడ్డం మార్చి జోలె తగిలిస్తే చాలు. దీనికంటే గట్టి పని చేసినవాళ్లు లేకపోలేదు. 1930లో లాహోరులో పుట్టి 1971లో హైదరాబాద్ చేరిన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్, 1990 అల్లర్ల తర్వాత పాతబస్తీలో ముస్లింలతో హిందువులతో కలిసి శాంతి పనికి దిగింది. దాన్ని నేను తక్కువ చెయ్యను. నా ప్రశ్న సంభాషణ బల్ల గురించి. పంతులు వస్తాడు, మౌల్వీ వస్తాడు, బిషప్పు వస్తాడు. ఎవరి గ్రంథం వాళ్లు తెస్తారు. గ్రంథం లేని పోచమ్మ తరఫున ఎవరు వస్తారు? బోనాలకూ పీర్లకూ డప్పు కొట్టే మాదిగోనికి కుర్చీ ఎక్కడ?

మా నాయనమ్మ బల్లారాధనలో రొట్టె తీసుకునేది. ఆషాఢంలో బోనం వండేది. పీరు లేస్తే కుడకలిచ్చేది. అయ్యగారు ఇది పాపమని గద్దించేవాడు. సభల్లో దీన్నే గొప్ప సమ్మేళనమని మెచ్చుకుంటరు. ఆమెకు ఆ రెండూ పట్టవు. కష్టంలో పిలిస్తే ఎవరు పలుకుతరన్నదే ఆమె లెక్క. చర్చి గోడ లోపల కూడా కులం చావలేదని, మాల మాదిగల మధ్య పిల్లనివ్వడం లేదని, రెడ్డి క్రైస్తవుడు, కమ్మ క్రైస్తవుడు అనే మాటలు ఇంకా బతికే ఉన్నయని ఆమెకు తెలుసు. మతం మారింది గాని మనిషిని చూసే చూపు మారలేదు.

రాజ్యమూ ఈ సంభాషణలో ఉంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువుకే ఎస్సీ అన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడు, ముస్లిం ఇంకా బయటనే. మా నాయిన కాగితం మీద క్రైస్తవుడని రాయించుకున్నడు గనుక నేను బీసీ-సి. మా పెదనాయిన రాయించుకోలేదు గనుక ఆయన కొడుకు ఎస్సీ. ఒకే తాత మనవలం, ఒకే వాడ. ఒక ఆఫీసులో గుమాస్తా నన్ను అడిగిండు: "యేసును నమ్ముకున్నంక మీకు కులమెక్కడిది?" ఇల్లు కిరాయికి అడగబోతే మాత్రం ఆ ప్రశ్న ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు సిలువ దగ్గరికి వద్దాం. 2006లో దక్షిణాఫ్రికా నుంచి 'సన్ ఆఫ్ మ్యాన్' అనే సినిమా వచ్చింది. యేసు నల్లవాడు, షోసా భాష మాట్లాడతాడు. ఆయన్ని కొట్టి చంపి ఎవరికీ తెలియకుండా పూడ్చేస్తారు. తల్లి ఆ ఒళ్లు తవ్వి తీసి, అందరికీ కనపడేటట్టు సిలువకెత్తుతుంది. 'కరుణామయుడు'లో సిలువ చంపేవాళ్ల ఆయుధం. ఇక్కడ అది తల్లి చేతిలో సాక్ష్యం. ఇది ఉత్త కల్పన కాదు. 1955లో మిసిసిప్పీలో పద్నాలుగేండ్ల ఎమెట్ టిల్‌ను చంపి నదిలో పారేస్తే, తల్లి మేమీ టిల్ శవపేటిక మూత వేయనివ్వలేదు, నా కొడుకును ఏం చేశారో లోకం చూడాలన్నది. కోన్ 2011లో సిలువనూ నల్లవాళ్లను ఉరితీసిన చెట్టునూ పక్కపక్కన పెట్టి పుస్తకం రాసినప్పుడు ఈ తల్లి అందులో ఉంది.

మనకు చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను నరికారు. కొందరిని గోనెసంచుల్లో కుక్కి కాలువలో వేశారు. వాళ్ల పేర్లు చదవండి: ఇమ్మానుయేలు, ఇస్సాకు, సంసోను. బైబిల్ పేర్లు గోనెసంచుల్లోంచి బయటికి వచ్చినయి. ఇమ్మానుయేలు అంటే దేవుడు మనకు తోడు అని అర్థం. శవాలను ఊరి బయట పూడ్చలేదు. ఊరి నడుమ పూడ్చి దానికి రక్తక్షేత్రమని పేరు పెట్టారు. దాచిన ఒళ్లను నడివీధిలో నిలబెట్టడం, నా దృష్టిలో తెలుగునేల మీద జరిగిన అతి పెద్ద దైవశాస్త్ర చర్య అదే. ఏ సెమినరీలోనూ పుట్టలేదు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. పిలాతు చేతులు కడుక్కున్న కథ మాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

అందుకే విద్యార్థి మిత్రులకు, ఉద్యమ మిత్రులకు నా మాట. వాడలో తెర కడితే మూఢనమ్మకమని నవ్వి పోకండి. అక్కడ కూర్చుని ఆడోళ్లు ఏ దెబ్బ కాడ ఏడుస్తున్నరో చూడండి. సినిమా తీసేవాళ్లకు చెప్పేది, ఇంకో యేసును తీస్తే మేకప్పు డబ్బా మూసిపెట్టి, ఆయన్ని ఎవరు చంపారో, ఎందుకు చంపారో చెప్పండి. అయ్యగార్లకు చెప్పేది, మంచి శుక్రవారం మధ్యాహ్నం ఏడు మాటలు ధ్యానిస్తరు గదా. ఆ ఏడు మాటలయినంక పీఠం మీదనే నిలబడి చుండూరు ఎనిమిది పేర్లు చదవండి. ప్రసంగం అక్కరలేదు, పేర్లు చాలు. పేర్లు చదివితే, చంపిందెవరు అన్న ప్రశ్న దానంతటదే గుడిలోకి వస్తది.