టూల్‌కు రాసే నాలుగు వాక్యాలు

వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏఐ ఏజెంట్ చేసే పనంతా టూల్స్ ద్వారానే సాగుతుంది. క్లిప్ కత్తిరించడానికి ఒకటి, సబ్‌టైటిల్ వేయడానికి ఒకటి, రెండర్ చేయడానికి మరొకటి. ఒక్కో టూల్ గురించి ఏజెంట్‌కు ముఖ్యంగా అందేవి పేరు, మామూలు భాషలో రాసిన వివరణ, ఇవ్వాల్సిన విలువల పట్టిక. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన, ఏఐని టూల్స్‌తో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ పద్ధతి ఇదే. టూల్ లోపలి కోడ్ సాధారణంగా ఏజెంట్ కంటికి కనబడదు. వివరణలో లేని సంగతిని అది ఊహించుకుని ముందుకు పోతుంది.

ఆ ఊహ ఎక్కువగా తప్పేది సమయం దగ్గర. ‘నిడివి: క్లిప్ ఎంతసేపు ఉండాలో తెలిపే అంకె’ అని రాసి వదిలేస్తే అది సెకన్లో, మిల్లీసెకన్లో, ఫ్రేములో తెలియదు. కోడ్‌తో వీడియోలు తయారుచేసే రిమోషన్‌లో నిడివిని ఫ్రేముల్లో చెప్పాలి. వీడియోలను కత్తిరించి మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఉత్త అంకె ఇస్తే సెకన్లు. పది సెకన్లంటే సినిమా వేగంలో 240 ఫ్రేములు, మన టీవీ ప్రసారాలకు వాడుతూ వచ్చిన 25 ఫ్రేముల వేగంలో 250. ఫ్రేములనుకుని పంపిన ఆ 250ని టూల్ సెకన్లుగా తీసుకుంటే క్లిప్ నాలుగు నిమిషాల పది సెకన్లకు సాగుతుంది. పైగా ఎక్కడి నుంచి లెక్కపెట్టాలన్నది ఇంకో ప్రశ్న. క్లిప్ మొదలు నుంచి అయిదో సెకనుకూ, టైమ్‌లైన్ మొదలు నుంచి అయిదో సెకనుకూ సంబంధం ఉండదు. ‘మొదలు: అసలు ఫైల్‌లోని సమయం, సెకన్లలో, దశాంశాలు ఇవ్వవచ్చు, టైమ్‌లైన్ సమయం కాదు’ అని ఒక్క వాక్యం రాస్తే రెండు సందేహాలూ తీరిపోతాయి. వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కత్తిరించే టూల్ అయితే కోత కీఫ్రేమ్ (బొమ్మ మొత్తంగా నిల్వ ఉండే ఫ్రేము) దగ్గరే పడుతుందనీ, అడిగిన చోటికి కొంత ముందు నుంచి క్లిప్ మొదలుకావచ్చనీ కూడా చెప్పాలి.

తొలగించే టూల్‌కు మరింత జాగ్రత్త కావాలి. ఒక క్లిప్ తీసేశాక ఆ చోటు ఖాళీగా మిగులుతుందా, వెనకనున్న క్లిప్పులు ముందుకు జరుగుతాయా? ఎడిటర్లు రెండోదాన్ని రిపుల్ డిలీట్ అంటారు. ఆ జరగడం బొమ్మల ట్రాక్‌కే పరిమితమైతే కింది ట్రాక్‌లో విడిగా ఉన్న మాటలు పెదాల కదలికతో కలవవు. అందుచేత టూల్ ఏం చేస్తుందో చెప్పడంతో వివరణ పూర్తికాదు; మిగతా టైమ్‌లైన్ ఏమవుతుందో కూడా రాసి తీరాలి. క్లిప్‌ను వరుస సంఖ్యతో గుర్తించే పద్ధతిలో ఇంకో చిక్కుంది. మూడోదాన్ని తీసేయగానే నాలుగోది మూడోదవుతుంది. వెంటనే ‘నాలుగోది తీసెయ్’ అని ఏజెంట్ పంపే ఆదేశం అసలు అయిదో క్లిప్‌ను బలితీసుకుంటుంది. మారని గుర్తింపు సంకేతాన్ని అడగడం, దాన్ని ఏ టూల్ ఇస్తుందో వివరణలో పేరుపెట్టి చెప్పడం మేలు.

తెలుగు సబ్‌టైటిళ్ల దగ్గర ఇంగ్లిషును మాత్రమే మనసులో పెట్టుకుని రాసిన వివరణలు పనికిరావు. ‘వరుసకు గరిష్ఠంగా 42 అక్షరాలు’ అన్న షరతునే తీసుకోండి. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు. టూల్ సంకేతాలను లెక్కపెడుతుందని తెలియని ఏజెంట్ సరిగ్గా సరిపోయిందనుకున్న వాక్యం మధ్యలో విరుగుతుంది. ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు లేకపోతే తెరమీద డబ్బాలు పడతాయి. వత్తులను కూర్చే ఏర్పాటు లేని రెండరర్‌లో అక్షరాలు విడివిడిగా పడతాయి. ఏ లిపులకు ఏ ఫాంట్లు పనిచేస్తాయో వివరణలోనే ఉండాలి. తెలుగు వీడియోలు తయారుచేసేవాళ్లు సాఫ్ట్‌వేర్ సంస్థలను గట్టిగా అడగాల్సిన సంగతి ఇది.

రంగులు, శబ్దం విషయంలో చిక్కు చిన్నదే. ఏఎస్ఎస్ అనే ఫార్మాట్ సబ్‌టైటిళ్లలో రంగు నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరుసలో ఉంటుంది. వెబ్ అలవాటుతో ఎరుపు రంగు సంకేతం పంపితే నీలం వస్తుంది. శబ్దం స్థాయి డెసిబెల్సా, గుణకమా అన్నది ఒక మాటలో తేలిపోతుంది.

రెండర్ టూల్ చాలాసార్లు పని పూర్తికాకముందే జవాబిస్తుంది. ఆ జవాబులో వచ్చేది పని సంఖ్య మాత్రమేనని, ఫైల్ సిద్ధమైందో లేదో మరో టూల్‌తో కనుక్కోవాలని రాయకపోతే ఏజెంట్ అదే వీడియోను మళ్లీ రెండర్‌కు పంపే ప్రమాదముంది. అసలు ఫైల్‌ను చెరిపి దానిమీదే రాసే టూల్ ఆ విషయాన్ని మొదటి వాక్యంలోనే చెప్పాలి. పొరపాటు జరిగినప్పుడు వచ్చే సందేశం కూడా వివరణలో భాగమే: ‘చెల్లని విలువ’ అంటే ఏజెంట్ గుడ్డిగా ఇంకో అంకె వేస్తుంది, ‘క్లిప్ 12.4 సెకన్లకే ముగుస్తుంది, 15 చెల్లదు’ అంటే దిద్దుకుంటుంది.

ఇన్ని చెప్పాలి కదా అని ప్రతి టూల్‌కూ పేజీలు నింపకూడదు. ఏజెంట్ వెనకున్న మోడల్ ఒకేసారి చదవగలిగినదానికి హద్దుంది. టూల్స్ వివరణలన్నీ ఆ చోటులోనే ఇమడాలి. ‘శక్తిమంతమైన’, ‘సులువైన’ వంటి ప్రకటన మాటలు ముందు తీసేయాలి. ‘ట్రిమ్’, ‘స్ప్లిట్’, ‘కట్’ అని మూడు దగ్గరి టూల్స్ ఉన్నప్పుడు దేన్ని ఎప్పుడు వాడకూడదో చెప్పే వాక్యాన్ని మాత్రం తీయకూడదు. ఒకే కోరికను నాలుగు రకాల మాటల్లో అడిగి, ఏజెంట్ ఏ టూల్ ఎంచుకుందో, ఏ విలువలు పంపిందో చూస్తే ఏ వాక్యం దారి తప్పించిందో తెలుస్తుంది. కోడ్ మారిన రోజే వివరణా మారాలి. మునుపు సెకన్లు తీసుకున్న టూల్ ఈ వారం నుంచి ఫ్రేములు తీసుకుంటుంటే, పాత వివరణ చదివిన ఏజెంట్ 10 అని పంపి, రెప్పపాటులో ముగిసే క్లిప్ తయారుచేస్తుంది.