తారులో దిగిన మేకు

మారథాన్ మొదలయ్యే చోట రోడ్డు మీద కనిపించే తెల్లగీత నాలుగు వానలకు చెరిగిపోతుంది. దాని కింద తారులోకి దిగ్గొట్టిన చిన్న మేకు ఒకటి ఉంటుంది. అసలు గీత ఆ మేకే. అది ఏ కరెంటు స్తంభానికి ఎన్ని మీటర్ల ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉందో, ఏ మ్యాన్‌హోల్ మూతకు ఎంత ఇవతల ఉందో ఒక కాగితం మీద బొమ్మ గీసి రాసి ఉంచుతారు. మేకు ఊడిపోయినా ఆ కాగితం పట్టుకుని వచ్చిన మనిషి అదే చోట ఇంకో మేకు దింపగలగాలి. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి ఏ రేస్‌కి వెళ్లినా నా చూపు ముందు నేల మీదికే పోతోంది. చుట్టూ పాటలు, బెలూన్లు, ఫొటోలు. నాకు మాత్రం ఆ మేకు దింపిన చెయ్యి ఎవరిదో చూడాలనిపిస్తుంది.

ఇక్కడి నుంచి ముగింపు మేకు దాకా 42.195 కిలోమీటర్లు. ఇంత చిల్లర అంకె ఎలా వచ్చిందో పరుగు మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ఒకసారి అడుగుతారు. 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఒలింపిక్ మారథాన్ సుమారు 40 కిలోమీటర్లే. 1908లో లండన్ ఒలింపిక్స్‌కి విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి వైట్ సిటీ స్టేడియం దాకా 26 మైళ్లు, లోపల ట్రాక్ మీద రాజకుటుంబం కూర్చున్న చోటికి ఎదురుగా ముగిసేలా మరో 385 గజాలు పెట్టారు. ఇటలీ వాడు డొరాండో పియెట్రి పడుతూ లేస్తూ, చివరికి పక్కవాళ్లు చెయ్యందిస్తే దాటి, అందుకే పతకం పోగొట్టుకున్నది ఆ ఆఖరి 385 గజాల మీదే. 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య అదే కొలతను ఖాయం చేసింది.

ఆ 26 మైళ్ల 385 గజాలు మొత్తం 46,145 గజాలు. 1959 నుంచి గజం అంటే కచ్చితంగా 0.9144 మీటరు. గుణించి చూస్తే 42,194.988 మీటర్లు వస్తుంది. 42.195 కిలోమీటర్లకు 12 మిల్లీమీటర్లు తక్కువ, చిటికెనవేలి గోరంత. రెండు కొలమానాల మధ్య అంతటి రోడ్డు మీద తేడా అంతే. కాగితం మీద మైలుకీ కిలోమీటరుకీ తగువే లేదు. తగువంతా తారు మీద, దాని సంగతి తర్వాత చెబుతాను.

మైలు మనకు కొత్తది కాదు. మెట్రిక్ కొలతలు వచ్చాక రోడ్డు పక్క రాళ్ల మీద కిలోమీటర్లు చెక్కారు గాని, వాటిని ఇప్పటికీ మైలురాళ్లనే అంటాం. మైలులో ఎనిమిదో వంతు ఫర్లాంగు. మా తాతగారి తరం ఊరి చెరువు దూరాన్ని ఫర్లాంగుల్లోనే చెప్పేది. ఆ మాట ఇంగ్లండ్ పొలాల్లో పుట్టింది. నాగలి చాలు పొడవు అని దాని అర్థం: 220 గజాలు. రెండు ఫర్లాంగులు పావు మైలు, అంటే 402.336 మీటర్లు. ఇప్పటి 400 మీటర్ల ట్రాక్‌కి అది పెద్దన్న. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ 3 నిమిషాల 59.4 సెకన్లలో ముగించిన మైలును ఇవాళ్టి ట్రాక్ మీద పరుగెత్తాలంటే నాలుగు చుట్లు తిరిగి ఇంకో 9.344 మీటర్లు పోవాలి. స్టేడియంలో దున్నకపోయినా నాగలి చాలు గుర్తు మిగిలే ఉంది.

డాలస్‌లో ఉండే మా మేనల్లుడు ఆదివారం ఫోన్ చేసి, "మామయ్యా, టెన్ మినిట్ మైలు దాటి కిందికి రావట్లేదు" అంటాడు. హైదరాబాద్‌లో మేం పేస్ అంటే కిలోమీటరుకి ఎన్ని నిమిషాలో చెప్పుకుంటాం. మైలు 1.609344 కిలోమీటరు గనక వాడి పది నిమిషాలు ఇక్కడ 6 నిమిషాల 13 సెకన్లు. నా ఆరు నిమిషాల కిలోమీటరు అక్కడ 9 నిమిషాల 39 సెకన్ల మైలు. ఫైవ్ కె వాడికి 3.1 మైళ్లు, టెన్ కె 6.2, హాఫ్ మారథాన్ 13.1. ఇవి బట్టీ పట్టినా చాలు. నాకు మాత్రం ఇంకో దారి ఇష్టం.

3, 5, 8, 13, 21, 34. ప్రతి అంకె ముందున్న రెండింటి మొత్తం. ఇందులో ఏదో ఒక అంకెను మైళ్లనుకోండి, దాని పక్కది కిలోమీటర్లవుతుంది. 5 మైళ్లు 8 కిలోమీటర్లు (నిజానికి 8.05), 8 మైళ్లు 13 (12.87), 13 మైళ్లు 21 (20.92). ఈ వరసలో పక్కపక్క అంకెల నిష్పత్తి పోనుపోను 1.618కి చేరుతుంది, మైలు 1.609 దగ్గర ఉంది, అందుకే కుదిరింది. ఇది కేవలం యాదృచ్ఛికం. అయినా పరుగులో మెదడు మొద్దుబారిన వేళ ఇంతకన్నా నమ్మకమైన ఎక్కం నాకు దొరకలేదు. ఇటలీలో లియొనార్డో అనే గణితకారుడు 1202లో ఈ వరసను రాశాడు. మన దగ్గర 12వ శతాబ్దంలోనే హేమచంద్రుడు ఛందస్సు లెక్కల్లో దీన్ని చెప్పాడు, ఆయనకు ముందే విరహాంకుడు చెప్పాడు. కంద పద్యం రాసినవాళ్లకు ఇందులో ఒక అంకె బాగా తెలుసు. గగ, భ, జ, స, నల: నాలుగు మాత్రలను లఘువులతో గురువులతో నింపే దారులు ఈ ఐదే. మూడు మాత్రలకు మూడు దారులు, ఐదు మాత్రలకు ఎనిమిది. కందం గణాలు వేళ్ల మీద లెక్కపెట్టిన పిల్లవాడికి మైళ్లు కిలోమీటర్లు చెయ్యడం సగం వచ్చినట్టే.

ఇప్పుడు తారు మీదికి వద్దాం. 42.195 అని రాయడానికి ఒక క్షణం చాలు. మలుపులూ ఎత్తుపల్లాలూ ఉన్న ఊరి రోడ్ల మీద దాన్ని పరచడం ఎలా? కారు మీటరును నమ్మితే, అది నూటికి ఒకటి తప్పినా 420 మీటర్లు పోయినట్టే. నడుస్తూ తోసే కొలచక్రం గతుకుల మీద ఎగురుతుంది. చేతి గడియారంలోని జీపీఎస్ ఒక్కో బిందువునూ కొన్ని మీటర్లు అటూ ఇటూగా వేసుకుంటూ పోతుంది. ఇనుప టేపుతో 42 కిలోమీటర్లు కొలవచ్చు గాని, ట్రాఫిక్ నడుమ అన్ని వందల సార్లు టేపు పరిచేదెవరు?

జవాబు సైకిల్. బ్రిటన్‌లో రోడ్ రన్నర్స్ క్లబ్ మనిషి జాన్ జ్యూవెల్ రోడ్ల కొలతపై చేసిన పరిశీలనను 1961లో అచ్చువేశాడు. దాన్ని అమెరికాకు తీసుకెళ్లినవాడు టెడ్ కార్బిట్. బానిసలుగా బతికినవాళ్ల మనవడు, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మారథాన్ పరుగెత్తినవాడు, ఫిజియోథెరపిస్టు. 1964లో ఆయన రాసిన చిన్న పుస్తకంతో అక్కడ రోడ్డు కొలవడం ఒక విద్యగా నిలబడింది. 1971లో అలన్ జోన్స్ ముందు చక్రం ఇరుసుకి తగిలించే చిన్న లెక్కింపు యంత్రం తయారుచేశాడు. మొదట్లో వాటిని ఆయన కొడుకు క్లెయిన్ చేసి అమ్మేవాడు. జోన్స్ కౌంటర్ అన్న పేరు అలా వచ్చింది. చక్రంతో పాటు తిరిగే పళ్లచక్రం ఒకటి, దాని వెంట దొర్లే అంకెలు. బ్యాటరీ లేదు, తెర లేదు. తర్వాత వచ్చిన రకంలో చక్రం ఒక్కసారి తిరిగితే 23కి పైగా అంకెలు కదులుతాయి, అంటే ఒక అంకెకు సుమారు 9 సెంటీమీటర్లు. ఊరంత దారిని జానెడు కన్నా చిన్న ముక్కలుగా లెక్కపెట్టే పరికరం ఇది, అరచేతిలో పడుతుంది.

పరికరం కన్నా పద్ధతి గొప్పది. కొలిచేవాడు తన చక్రం చుట్టుకొలత ఎంతో ఎక్కడా రాసుకోడు. అతనికి దానితో పని లేదు. ముందు తిన్నని రోడ్డు మీద ఇనుప టేపుతో కనీసం 300 మీటర్లు కొలిచి రెండు చివరలా మేకులు దింపుతాడు. టేపు 20 డిగ్రీల వేడిలో సరిగ్గా ఉండేలా తయారవుతుంది. మన 35 డిగ్రీల పొద్దున అది సాగుతుంది. 300 మీటర్లకు సుమారు 5 సెంటీమీటర్లు. ఆ ఐదు సెంటీమీటర్లనూ లెక్కలో సర్దుతాడు. తర్వాత ఆ మేకుల మధ్య నాలుగుసార్లు సైకిల్ తొక్కి అంకెలు రాసుకుంటాడు. అతని బరువు, టైరులో గాలి, ఆ రోజు ఎండ, టైరు అరుగుదల అన్నీ ఆ ఒక్క సంఖ్యలో కలిసిపోతాయి. 300 మీటర్లకు 3,372 వచ్చిందనుకుందాం. కిలోమీటరుకి 11,240. ఇక రోడ్డు మీద ఆ లెక్కనే నడుస్తాడు.

కాని గాలి మారుతుంది. పొద్దెక్కే కొద్దీ ట్యూబులో గాలి వేడెక్కి చక్రం వెంట్రుకవాసి పెద్దదవుతుంది, కిలోమీటరుకి అంకెలు తగ్గుతాయి. చల్లని పొద్దున లెక్క తేల్చి ఎండలో కొలిస్తే రేస్ దారి కాస్త పొడుగవుతుంది. అది పరవాలేదు. ఎండలో లెక్క తేల్చి చల్లబడ్డాక కొలిస్తే దారి కురచవుతుంది, అది నేరం. అందుకే కొలత ముగిశాక మళ్లీ ఆ 300 మీటర్లకు వెళ్లి ఇంకో నాలుగుసార్లు తొక్కి, ముందువీ తర్వాతవీ కలిపి సగటు చూస్తాడు. సైకిల్ మీద నుంచి దిగడానికి కాళ్లు తొందరపడుతున్న వేళ చేసే ఈ రెండో పరీక్ష నాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చింది. తన కొలతను తానే అనుమానించే ఓపిక అందులో ఉంది.

ఆ పైన ఒక ధర్మం ఉంది. కిలోమీటరుకి వచ్చిన 11,240ని 1.001తో హెచ్చిస్తారు. 11,251 అవుతుంది. వెయ్యికి ఒకటి చొప్పున దారిని కావాలనే పెంచడం ఇది. మారథాన్‌కి 42 మీటర్లు. కొలతలో ఎక్కడ చిన్న పొరపాటు జరిగినా పరుగెత్తినవాడి పూర్తి దూరం అతనికి దక్కాలి. కెల్విన్ కిప్టమ్ 2023లో షికాగోలో 2 గంటల 35 సెకన్లకు ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు అతని వేగం కిలోమీటరుకి 2 నిమిషాల 51 సెకన్లు. ఆ వేగానికి 42 మీటర్లంటే ఏడు సెకన్లు. ఏడు సెకన్ల కోసం ఏళ్లు తపించేవాళ్లూ ఈ నియమాన్ని ఒప్పుకున్నారంటే, దూరం తగ్గిన రికార్డు ఎంత చేదో వాళ్లకు తెలిసి ఉండాలి. 1981లో న్యూయార్క్‌లో అల్బెర్టో సలజార్ 2 గంటల 8 నిమిషాల 13 సెకన్లలో ముగిస్తే అది ప్రపంచ రికార్డన్నారు. తర్వాత కొలిస్తే దారి సుమారు 150 మీటర్లు కురచ. ఆ రికార్డు పోయింది. సలజార్ కాళ్లలో లోపం ఏమీ లేదు.

ఆ 42 మీటర్లు ఎంత త్వరగా హరించుకుపోతాయో మలుపుల దగ్గర చూడాలి. నియమం ప్రకారం కొలిచేవాడు ఫుట్‌పాత్ అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో తొక్కాలి, రన్నరు పోగలిగిన అతి దగ్గరి దారిని పట్టుకోవాలి. రోడ్డు పాములా వంకర్లు తిరిగితే ఒక మలుపు లోపలి అంచు నుంచి ఎదుటి మలుపు లోపలి అంచుకి నేరుగా, రోడ్డును ఏటవాలుగా కోస్తూ పోవాలి. ఒక్క మూలమలుపులో అర మీటరు వెలుపలగా తొక్కితే దాదాపు 80 సెంటీమీటర్లు ఎక్కువ లెక్కకొస్తుంది. అలాంటి మలుపులు అరవై ఉంటే 47 మీటర్లు. రన్నరు ఆ మలుపుల్ని దగ్గరగా తిరిగితే పెంచిన 42 మీటర్లూ అయిపోయి, దారి ఇంకా కురచే. కాబట్టి ఎదురొచ్చే బస్సుల మధ్య ఏటవాలుగా, ముందొకటి వెనకొకటి పోలీసు బండ్లు కాపలాగా, తెల్లారకముందే ఈ పని జరుగుతుంది. బెర్లిన్‌లోనూ లండన్‌లోనూ రోడ్డు మీద కనిపించే నీలిగీత ఈ దారి గుర్తే.

ఆగస్టులో నెక్లెస్ రోడ్డు మీద మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే హైదరాబాద్ మారథాన్‌లోనూ, విశాఖలో బీచ్ రోడ్డు రేస్‌లోనూ ఒక మాట ప్రతిసారీ వినిపిస్తుంది: "నా వాచీలో 42.7 వచ్చింది, వీళ్లు ఎక్కువ పెట్టారు." నేనూ ఒకప్పుడు అన్నాను. ఫ్లైఓవర్ వంపుల్లో బయటి అంచున పరుగెత్తింది నేను, నీళ్ల బల్ల కోసం రోడ్డుకి ఆ పక్కకు పోయింది నేను, మనుషుల్ని తప్పించుకుంటూ అడ్డదిడ్డంగా వెళ్లింది నేను. జీపీఎస్ తన వంతు వంకర్లు కలిపింది. సైకిల్ మాత్రం ఏ నీళ్ల బల్లకూ పక్కకు వెళ్లలేదు.

రికార్డు పుట్టే అవకాశం ఉన్న రేస్‌లో కొలిచిన మనిషికి చివరి పని ఒకటి ఉంటుంది. దారిని కొలిచినవాడు గాని, అంతటి అర్హత ఉన్న మరొకరు గాని ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని అందరికన్నా ముందు పోయే బండిలో కూర్చోవాలి. వెనక ప్రపంచంలోకెల్లా వేగమైన కాళ్లు వస్తుంటాయి. టీవీలో చూసేవాళ్లందరూ వాటినే చూస్తారు. అతను మాత్రం ప్రతి మలుపులోనూ రోడ్డు మీద పెట్టిన ప్లాస్టిక్ కోన్ల వంక చూస్తాడు, తాను మేకు దింపిన చోటే ఉన్నాయా, రాత్రి ఎవరైనా ఒక అడుగు లోపలికి జరిపారా అని.